మాత్ర ముందు, ముద్ద తర్వాత

తార్నాక నుంచి ఒక కోడలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇదీ.

ఆమె మామయ్యకు 71 ఏళ్లు, బరువు 58 కిలోలు. పార్కిన్సన్స్ జబ్బు బయటపడి ఆరేళ్లయింది. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర రోజుకు మూడుసార్లు వేసుకుంటారు: ఉదయం 8.30కి, మధ్యాహ్నం 1.30కి, రాత్రి 8.30కి. మూడు పూటలా తిన్న వెంటనే. "ఉత్త కడుపుల మాత్రేస్తే పేగులు కాలిపోవా" అన్నది అత్తమ్మ మాట. నాలుగైదేళ్లు అలాగే గడిచింది. ఏడాదిగా మాత్ర ఒకసారి అందుకుంటే ఒకసారి అందుకోవడం లేదు. రెండు నెలలుగా మరీ అన్యాయం. రెండు పెసరట్లు తిని, పాలు తాగి, మాత్ర వేసుకున్నాక కూడా పదకొండింటి దాకా కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. మధ్యాహ్నం పప్పన్నం, గుడ్డు, పెరుగు తిని వేసుకున్నది నాలుగింటికి గానీ పనిచేయదు. రాత్రి పుల్కాలూ బీరకాయ కూరా తిని వేసుకున్నది మాత్రం ముప్పావుగంటలో మనిషిని లేపి నిలబెడుతుంది.

ఆ రెండు నెలల్లో ఇంట్లో జరిగినవి కూడా ఆమె వరసగా రాశారు. మామయ్య నాలుగు కిలోలు తగ్గారని డల్లాస్‌లో ఉన్న మరిది ప్రోటీన్ పొడి డబ్బా పంపారు. రోజూ ఉదయం పాలలో ఒక స్కూపు కలిపి ఇస్తున్నారు. మందుల షాపులో 125 స్ట్రిప్పు లేదని 110 ఇచ్చారు, "కంపెనీ అదే, మందూ అదే" అన్నారు. తర్వాత కొద్ది రోజులకే కడుపులో తిప్పడం మొదలైంది. కాలనీలో డాక్టరు దానికి మెటోక్లోప్రమైడ్ రాశారు, భోజనానికి ముందు మూడు పూటలా. మూడు వారాల కిందట నరాల డాక్టరుకు ఫోన్ చేస్తే మాత్రను ఒకటి నుంచి ఒకటిన్నరకు పెంచమన్నారు. పెంచినా పొద్దుటి పూట మార్పు లేదు.

శనివారం సంగతి వేరు. ఆ రోజు మామయ్య ఒక్కపొద్దు. పగలంతా పండ్లూ కొబ్బరినీళ్లే, మాత్ర అరటిపండుతో. వాంతుల మాత్ర భోజనం ఉన్న పూటే కాబట్టి పగలు అదీ లేదు. ఆ రోజు ఆయన గేటు దాకా నడిచి పేపరు తెచ్చుకుంటారు. ఏడాదిగా ఇదే తంతు. ఈ మధ్య సాయంత్రానికి మెడా భుజమూ ఊగుతూ ఉంటాయి, "అంత హుషారు" అని రాశారు. అత్తమ్మ అదంతా వెంకన్న మహిమ అంటారట.

ప్రోటీన్ వల్లే ఇదంతా అని ఎక్కడో చదివి ఆమె ఒక వారం పప్పు, గుడ్డు, పెరుగు ఆపేశారు. అత్తమ్మ పక్కింటివాళ్ల ముందు "నా మనిషిని ఉపాసం పెడుతున్నది" అని ఏడ్చారు. ఇద్దరికీ మాటల్లేవు. మరిది దూలగొండి గింజల పొడి వాడమంటున్నారు. భర్త "డాక్టరును అడుగు" అని ఆఫీసుకు వెళ్లిపోతారు. ప్రోటీన్ మానిపించాలా? మాత్ర ఇంకా పెంచమని అడగాలా? దూలగొండి మంచిదేనా? అత్తమ్మకు ఎలా చెప్పాలి? ఇవీ ఆమె అడిగినవి.

అమ్మా, జవాబులో సగం మీ ఉత్తరంలోనే ఉంది. పుల్కాలతో వేసుకున్న మాత్రా, అరటిపండుతో వేసుకున్న మాత్రా పనిచేస్తున్నాయి. పెసరట్టు మీద వేసుకున్నదీ పప్పన్నం మీద వేసుకున్నదీ పనిచేయడం లేదు. మనిషి ఆయనే, స్ట్రిప్పూ అదే. కాబట్టి మందు బలం తగ్గిందనో, జబ్బు ఒక్కసారిగా ముదిరిందనో ఇప్పుడే అనుకోవద్దు. మందు వెళ్లాల్సిన చోటికి వెళ్లడంలో ఆలస్యం అవుతోంది. ఎందుకో తెలిస్తే మీ ఇంటి గొడవ కూడా సగం తీరుతుంది. ఎందుకంటే మీరూ అత్తమ్మా ఇద్దరూ చెరో సగం సరిగ్గానే పట్టుకున్నారు.

పార్కిన్సన్స్‌లో మెదడుకు డోపమైన్ తక్కువవుతుంది. డోపమైన్‌నే మింగిస్తే లాభం లేదు, అది రక్తం నుంచి మెదడులోకి దాటదు. మెదడు రక్తనాళాల గోడలో కణాలు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని ఉంటాయి. వాటి సందుల్లోంచి దూరే వీలు లేదు. కణం పొరలో అమరిన రవాణా ప్రోటీన్లు ఏవి చేయిపట్టి తీసుకెళ్తే అవే లోపలికి వెళ్తాయి. లెవోడోపా అలా వెళ్లగలిగేది, అది పుట్టుకతో ఒక అమైనో ఆమ్లం కాబట్టి. మనం తినే పప్పులోనూ పాలలోనూ ఉండే టైరోసిన్‌కు ఒక్క ఆక్సిజన్ పరమాణువు అదనంగా చేరిస్తే లెవోడోపా అవుతుంది. దాన్ని మెదడులోకి తీసుకెళ్లే ప్రోటీన్ పేరు లాట్-1. మందుల కోసం పుట్టినది కాదది. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలీన్, ఫినైల్ అలనీన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ లాంటి పెద్ద అమైనో ఆమ్లాలను మెదడుకు చేరవేయడం దాని అసలు పని. లెవోడోపా ఆ గుంపులో కలిసిపోయి వెళ్తుంది. పైగా లాట్-1 ఊరికే తెరుచుకునే తలుపు కాదు. ఒక అణువును లోపలికి తెస్తే ఇంకోదాన్ని బయటికి పంపుతుంది. దాని వేగానికి ఒక హద్దుంది.

పరగడుపున ఉన్నప్పుడు కూడా రక్తంలో ఈ అమైనో ఆమ్లాలు లెవోడోపా కంటే పదుల రెట్లు ఎక్కువే. దండిగా ప్రోటీన్ తిన్నాక ఆ గుంపు ఇంకా పెరిగి, మూడు నాలుగు గంటల దాకా తగ్గదు. లెవోడోపా చూస్తే రక్తంలో గంటన్నరకల్లా సగమైపోతుంది. వరసలో నిలబడి ఓపిక పట్టే తీరిక దానికి లేదు.

ఇది మెదడు దగ్గరి తలుపు. అంతకుముందు పేగు గోడలో ఇంకోటి ఉంది. అక్కడి ప్రోటీన్లు వేరైనా వరస అలాంటిదే, అమైనో ఆమ్లాలతో పోటీ తప్పదు. అవి ఉండేది చిన్నపేగు మొదటి భాగంలో. జీర్ణాశయంలో లెవోడోపా దాదాపు ఇంకదు. నూనె వేసి కాల్చిన పెసరట్లు జీర్ణాశయంలో కూర్చుంటే మాత్ర కూడా వాటితో పాటే కూర్చుంటుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు జీర్ణాశయం ఖాళీ కావడమే నెమ్మది.

దీన్ని 1984లో అమెరికాలోని ఓరెగాన్‌లో జాన్ నట్, ఆయన తోటి డాక్టర్లు తేల్చారు. భోజనంతో మాత్ర వేస్తే రక్తంలో మందు గరిష్ఠ స్థాయి 29 శాతం తగ్గింది, 34 నిమిషాలు ఆలస్యమైంది. అది పేగు దగ్గరి సంగతి. తర్వాత పేగుతో నిమిత్తం లేకుండా లెవోడోపాను నేరుగా రక్తంలోకి ఎక్కించి, ప్రోటీన్ ఎక్కువున్న భోజనం పెట్టారు. రక్తంలో మందు తగ్గలేదు, అయినా మనుషులు బిగుసుకుపోయారు. ఫినైల్ అలనీనో, ల్యూసినో ఒక్కటే ఇచ్చినా అదే జరిగింది. వేరే తలుపులో వెళ్లే గ్లైసిన్, లైసిన్ ఇస్తే ఏమీ కాలేదు. మీ మామయ్యకు పొద్దున జరుగుతున్నది అచ్చం ఇదే.

ఇప్పుడు ఆ పొద్దుటి టిఫిన్ లెక్క వేయండి. రెండు పెసరట్లకు 60 గ్రాముల పెసలనుకుంటే 14 గ్రాముల ప్రోటీన్. గ్లాసు పాలలో 6 గ్రాములు. స్కూపులో 24 గ్రాములని డబ్బా మీద ఉందని మీరే రాశారు. మొత్తం 44. మీ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. అంటే 58 కిలోల మనిషికి రోజంతటికీ 48. ఇంచుమించు రోజు మొత్తానిది మాత్రతో కలిపి ఒక్క పూట పెడుతున్నారన్నమాట. పైగా అది పాల విరుగుడు పొడి, అందులో ల్యూసిన్ మరీ ఎక్కువ. కండలు పెంచే కుర్రాళ్లు దాన్ని కొనుక్కునేదే అందుకు.

అలాగని ప్రోటీన్ మానిపించడం తప్పు. మీరు చేసిన ఆ వారం ప్రయోగం మంచి మనసుతో చేసిందే, కానీ నాలుగు కిలోలు తగ్గిన 71 ఏళ్ల మనిషికి పప్పూ గుడ్డూ పెరుగూ ఆపితే తొడల్లో కండ పోతుంది, పడిపోతారు. తుంటి ఎముక విరిగితే ఇప్పుడున్న ఇబ్బంది లెక్కలోకే రాదు. అత్తమ్మ ఏడ్చినందులో న్యాయం ఉంది. తిండి తగ్గించకుండా మాత్రనూ తిండినీ విడదీయడం మీ చేతిలో ఉన్న పని.

అన్నిటికంటే సులువైనది మాత్రలన్నిటినీ గంట ముందుకు జరపడం. మాత్ర 7.30కి, టిఫిన్ 8.15 తర్వాత. మాత్ర 12.30కి, అన్నం 1.15 తర్వాత. రాత్రి మాత్ర 7.30కి, పుల్కాలు 8.15కి. మాత్రల మధ్య ఎడం ఇప్పుడున్నట్టే ఉంటుంది, తిండిలో ఏదీ తగ్గదు. మాత్రతో నిండు గ్లాసు నీళ్లు, 200 మిల్లీలీటర్లకు తగ్గకుండా. రెండు గుటకలతో మింగిస్తే చాలదు. పడుకోబెట్టి అసలు వద్దు, కూర్చోబెట్టి ఇవ్వండి, మింగాక అరగంట అలాగే కూర్చోనివ్వండి. ఎప్పుడైనా ముందు తినేస్తే గంటన్నర, రెండు గంటలు ఆగి వేయండి. ఉదయం చాయ్ గురించి భయం వద్దు, కప్పు చాయ్‌లో పాలు ఎంతని. అయినా మాత్ర వేసుకున్న అరగంటకు తాగితే ఇంకా మేలు. రక్తం తక్కువని ఎవరైనా ఐరన్ మాత్ర రాస్తే దానికీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం పెట్టండి. ఇనుము లెవోడోపాను పేగులోనే పట్టేసుకుంటుంది.

ఇక్కడొక చిక్కుంది. దాని కోసమే ఈ జవాబు ఇంత పొడుగైంది. మాత్రను ఒకటిన్నరకు పెంచింది అది సరిగ్గా ఇంకని రోజుల్లో. పెసరట్ల సంగతీ, పొడి సంగతీ, స్ట్రిప్పు మారిన సంగతీ ఫోన్‌లో డాక్టరుకు చెప్పినట్టు మీ ఉత్తరంలో లేదు. ఇప్పుడు దారి క్లియర్ చేస్తే ఆ ఒకటిన్నర మొత్తం ఒకేసారి మెదడుకు చేరుతుంది. శనివారం సాయంత్రం మెడా భుజమూ ఊగడం అన్నారే, అది హుషారు కాదు. మందు ఎక్కువైనప్పుడు వచ్చే ఊగుడు. డిస్కినీసియా అంటారు. మాత్ర ఇంకా పెంచమని అడగాలా అన్నారు కదా, ఆ ఊగుడే జవాబు: దారి బాగున్న రోజున ఇప్పుడున్న మోతాదే ఎక్కువవుతోంది. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం కూడా దీని వెంట రావచ్చు.

స్ట్రిప్పు సంగతికి వద్దాం. ఆ అంకెలు కూడిక. 110 అంటే లెవోడోపా 100, కార్బిడోపా 10. 125 అంటే 100, 25. 275 అంటే 250, 25. లెవోడోపా అంతే కాబట్టి షాపతనికి "మందూ అదే" అనిపించింది. కానీ కార్బిడోపా పని వేరు. పేగులోనూ రక్తంలోనూ లెవోడోపా దారిలోనే డోపమైన్‌గా మారిపోకుండా అది కాపు కాస్తుంది. తాను మెదడులోకి దాటదు కాబట్టి అక్కడి మార్పుకు అడ్డు రాదు. ఆ కాపు సరిగా ఉండాలంటే రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాములు కావాలి. పాత లెక్కన మూడు 125 మాత్రలకు 75 అందేది. 110కి మారగానే 30 అయింది. ఇప్పుడు ఒకటిన్నర చొప్పున వేసినా 45. కాపు తగ్గితే బయటే డోపమైన్ తయారై వాంతి కేంద్రాన్ని కుడుతుంది. అందుకే కడుపులో తిప్పడం. పరగడుపు మాత్ర మీద అత్తమ్మ అనుమానం కూడా చాలావరకు దీని మీద పడాల్సిందే.

తిప్పుడుకు ఇచ్చిన మాత్ర ఇంకో మెలిక. మెటోక్లోప్రమైడ్ డోపమైన్‌ను అడ్డుకుని వాంతిని ఆపుతుంది. కానీ అది మెదడులోకీ వెళ్తుంది. మీరు ఒక చేత్తో డోపమైన్ ఇస్తుంటే అది లోపల కూర్చుని దాని పని చెడగొడుతుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు ఇవ్వకూడని మందుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. డోంపెరిడోన్ కూడా అలాగే డోపమైన్‌ను అడ్డుకునేదే, కానీ మెదడు గోడ దాటి లోపల నిలవదు. అక్కడ పి-గ్లైకోప్రోటీన్ అనే ఇంకో రవాణా ప్రోటీన్ ఉంది. లాట్-1 చేయిపట్టి లోపలికి తెస్తే ఇది మెడపట్టి బయటికి గెంటుతుంది. 1976లో కెనడాలో జూలియానో, లింగ్ దీన్ని మందులకు లొంగని కణాల్లో కనిపెట్టారు. మెదడు కాపలాలో దీని విలువ తెలిసింది 1994లో, అదీ పొరపాటున. నెదర్లాండ్స్‌లో ఈ ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలుకల మీద ఒంటి మీది చిన్న పురుగులు (మైట్లు) పోవడానికి ఐవర్‌మెక్టిన్ చల్లితే అవి చచ్చిపోయాయి, మామూలు ఎలుకలకు ఏమీ కాలేదు. విరేచనాలకు వేసుకునే లోపెరమైడ్ నల్లమందు జాతిదైనా మత్తు ఎక్కించకపోవడానికి కారణం కూడా ఈ గెంటుడే.

మిగతావి నెమ్మదిగా చేసినా ఫర్వాలేదు గానీ ఈ ఒక్కటి ఆగదు: మెటోక్లోప్రమైడ్ ఆపి డోంపెరిడోన్ వేయొచ్చా అని నరాల డాక్టరును ఇవాళే ఫోన్ చేసి అడగండి. డోంపెరిడోన్‌కూ దాని షరతులున్నాయి. సాధారణంగా 10 మిల్లీగ్రాములు, రోజుకు మూడుకు మించకుండా. గుండె జబ్బుంటే సాధారణంగా వద్దు, లేకపోయినా ఈసీజీ చూశాకే. క్లారిథ్రోమైసిన్, ఎరిథ్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లతో కలిపి వద్దు. మెటోక్లోప్రమైడ్ ఆపాక దాని ప్రభావం పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. మరుసటి రోజే తేడా కనిపించలేదని కంగారు పడకండి. ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి, ఫ్రిజ్ మీద కాగితం అంటించి పెట్టుకోండి: కళ్లు తిరగడానికి రాసే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్; గ్యాస్ మాత్రల్లో కలిపి వచ్చే లెవోసల్పిరైడ్. చివరిదాని పేరు లెవోడోపాతో కలిసి మోసం చేస్తుంది. రెండూ పూర్తిగా ఎదురు మందులు. కాలనీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ కాగితం కూడా తీసుకెళ్లండి.

అంటే సరిచేయాల్సినవి మూడు: మాత్ర వేళ, స్ట్రిప్పు, వాంతుల మందు. మూడూ మందు పనిని పెంచేవే. వీటిని ఎలా చేయాలన్నదానికి రెండు దారులున్నాయి. ఒకటి, వారానికొకటి చొప్పున. ముందు వాంతుల మందు, తర్వాత 125, చివర వేళ. ఏది మార్చితే ఏమైందో స్పష్టంగా తెలుస్తుంది, మందు ఎక్కువైతే వెంటనే పట్టుకోవచ్చు. కానీ మూడు వారాలు పడుతుంది, అంతవరకూ పొద్దుటి బిగుతు కొంత భరించాలి. రెండోది, నరాల డాక్టరును ఒప్పించి మోతాదు మళ్లీ ఒకటికి దించి మూడూ ఒకేసారి మార్చడం. రెండు మూడు రోజుల్లోనే తేడా తెలియొచ్చు. కానీ ఒకటి చాలకపోతే కొన్నాళ్లు రెండింటికీ మధ్య సర్దుకోవాలి, మొదటి వారం ఇంట్లో పగలంతా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. మందుల సంగతంతా మీరొక్కరే చూసుకుంటున్నారు కాబట్టి మీకు మొదటిదే నయమని నాకనిపిస్తోంది. మీ ఆయన వారం సెలవు పెడితే రెండోదీ బాగుంటుంది. ఏ దారైనా మోతాదు మీరే తగ్గించొద్దు. ఈ మందు ఒక్కసారిగా ఆపేయడం మరీ ప్రమాదం. జ్వరం, కట్టెలా బిగుసుకోవడం, మాట తడబడటం కలిసి వస్తే అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన విషయం.

ముందు మాత్ర, తర్వాత ముద్ద అన్నప్పుడు కడుపులో తిప్పితే మాత్రతో రెండు మేరీ బిస్కెట్లో, గుప్పెడు మరమరాలో, అరటిపండో ఇవ్వండి. వాటిలో ప్రోటీన్ ఒక గ్రాము అటూ ఇటూ. ఉస్మానియా బిస్కెట్‌లో వెన్న ఎక్కువ, కడుపులో నిలుస్తుంది, దాన్ని చాయ్ వేళకు దాచండి.

పొడి డబ్బా పారేయక్కర్లేదు. బరువు ఎందుకు తగ్గారో చూపించుకోవాలి, మూత్రపిండాల పరీక్ష ఒకటి చేయించాలి. ఆ తర్వాత డాక్టరు సరేనంటే అర స్కూపు రాత్రి పడుకునే ముందు, పదింటికి. 7.30 మాత్ర అప్పటికి తన పని చాలావరకు ముగించి ఉంటుంది, మళ్లీ ఉదయం దాకా మాత్ర లేదు. వరసలో అడ్డం పడినా నష్టపోయేవాళ్లు ఉండరు.

వేళ మార్చాక కూడా మధ్యాహ్నాలు దారికి రాకపోతే, పగలు ప్రోటీన్ తగ్గించి రాత్రికి మార్చే పద్ధతి ఉంది. ఉదయం ఇడ్లీ, ఉప్మా, రాగిజావ. మధ్యాహ్నం కూరగాయలు, చారు, కొద్దిగా పెరుగు. పప్పు, గుడ్డు, చికెన్ రాత్రికి. రోజు మొత్తం ప్రోటీన్ తగ్గదు. పగలు చాలామందికి కదలిక మెరుగవుతుంది. బదులుగా రాత్రి బిగుతు పెరుగుతుంది, పక్క మీద ఒత్తిగిలడం, బాత్రూముకు లేవడం కష్టమవుతాయి. పగటి ఊగుడు పెరిగి మోతాదు తగ్గించాల్సి రావచ్చు. నిర్మొహమాటంగా చెప్పాలంటే ఇది ఇంట్లో రెండు వంటలు వండాల్సిన పని, ఆ బరువు మీ మీదే పడుతుంది. బరువు తగ్గుతున్న మనిషితో దీన్ని మొదటే మొదలుపెట్టొద్దు. అదీ చాలకపోతే డాక్టరు చేతిలో ఇంకా ఉన్నాయి: అదే మోతాదును చిన్న ముక్కలుగా నాలుగైదు సార్లు వేయడం (అలారాలు పెరుగుతాయి), ఎంటకపోన్ అనే ఇంకో మందు కలపడం (మూత్రం నారింజ రంగుకు మారుతుంది, భయపడొద్దు), నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర (దాన్ని నలపకూడదు, ఎప్పుడు అందుకుంటుందో చెప్పడం కష్టం).

దూలగొండిని కొట్టిపారేయను. ఆ గింజల్లో ఉన్నది లెవోడోపానే. అందుకే అది అదే తలుపులో, అదే వరసలో నిలబడాలి. పెసరట్టు దానికీ అడ్డమే. పైగా దానికి తోడు కార్బిడోపా ఉండదు, చెంచాకు ఎంత మందు వస్తుందో డబ్బా డబ్బాకూ మారుతుంది. ఇప్పుడున్న ఒకటిన్నర మాత్ర మీద అది కూడా పోస్తే శనివారం ఊగుడు వారమంతా చూస్తారు. మరిదికి ఒక పని చెప్పండి: పొడి పంపే బదులు, వచ్చే అపాయింట్‌మెంట్ రోజు వీడియో కాల్‌లో డాక్టరు ముందు కూర్చోమనండి.

డాక్టరు దగ్గరికి ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. మూడు రోజులు, అందులో ఒకటి శనివారం. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా అరగంటకో గీత. ప్రతి గీతలో ఒకే మాట: కదిలారు, బిగిశారు, ఊగారు, నిద్ర. పక్కన మాత్ర వేసిన నిమిషం, తిన్నది ఏమిటి, ఎప్పుడు. ఆరు నెలల కబుర్ల కంటే ఆ మూడు పేజీలు డాక్టరుకు ఎక్కువ చెప్తాయి.

ఆ పుస్తకం అత్తమ్మ చేతికివ్వండి. ఆమె రోజంతా ఆయన పక్కనే ఉంటారు, ఎప్పుడు బిగిశారో మీకంటే ఆమెకే ముందు తెలుస్తుంది. చదువు ఇబ్బందైతే గీత మీద టిక్కు పెడితే చాలు. మాటలు కలపడానికి ముందు ఆమెకు దక్కాల్సింది ఇచ్చేయండి: పప్పు ఆపడం నాది తప్పు, తిండి తగ్గించను అని. శనివారం విషయంలో ఆమెతో వాదించొద్దు. ఆ రోజు ఆయన బాగుంటారని మొదట గమనించింది ఆమే. ఎందుకు బాగుంటారన్న దాంట్లో మీకు తేడా ఉన్నా, ఏం చేయాలన్న దాంట్లో లేదు. "శనివారం మాత్ర ఎట్లేస్తున్నామో మిగతా ఆరు రోజులు కూడ అట్లే వేద్దాం, అన్నం మాత్రం కడుపు నిండ పెడదాం" అంటే ఆమె కాదనడానికి ఏముంది? ఒక్కపొద్దు మాత్రం బరువు నిలబడేదాకా సగం పూటతో సరిపెట్టమని బతిమాలండి. రోజంతా పండ్ల మీద ఉండి, మందు బాగా పట్టి, సాయంత్రం లేవగానే పడిపోయే ప్రమాదం ఆ రోజే ఎక్కువ.

ఉత్తరం చివర హలీం గురించి భయంభయంగా అడిగారు. గోధుమలు, పప్పులు, మాంసం, నెయ్యి, ఒక్క ప్లేటులో ఇంతకంటే పెద్ద గుంపు దొరకదు. ఆయనకు అంత ఇష్టమైతే రంజాన్ నెలలో అప్పుడప్పుడు పెట్టండి. సాయంత్రం ఆరింటికి తెచ్చి వేడిమీద తినిపిస్తే 7.30 మాత్ర వృథా. డబ్బాలో తెచ్చి ఉంచండి, మాత్ర వేసుకున్న గంటకు వెచ్చబెట్టి సగం ప్లేటు ఇవ్వండి, ఆ రోజుకు పొడి మానేయండి. నిమ్మకాయ ఎంత పిండుకున్నా అభ్యంతరం లేదు.